కడసారి చూపు లెక్క: బెంగళూరు 2006లో రగిలింది, 2021లో ఆగింది

2006 ఏప్రిల్ 12, బుధవారం. మధ్యాహ్నం రెండు కావస్తుండగా సదాశివనగర్‌లోని తన ఇంట్లో కన్నడ సినీ నటుడు రాజ్‌కుమార్ గుండె ఆగిపోయింది. రామయ్య ఆసుపత్రికి తీసుకెళ్ళారు, లాభం లేకపోయింది. మర్నాడు సాయంత్రం కంఠీరవ స్టూడియోలో అంత్యక్రియలు ముగిసేసరికి బెంగళూరులో ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళలో ఒక పోలీసు కానిస్టేబుల్ ఉన్నాడు, అల్లరిమూక కొట్టి చంపింది. కొందరు పోలీసు కాల్పుల్లో పోయారు. బస్సులు తగలబడ్డాయి, పెట్రోలు బంకులూ గాజు మేడలూ రాళ్ళదెబ్బలు తిన్నాయి. ఐటీ కంపెనీలు తలుపులు మూసుకున్నాయి.

2021 అక్టోబరు 29, శుక్రవారం. రాజ్‌కుమార్ చిన్న కొడుకు, నటుడు పునీత్ 46 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. అదే కుటుంబం, అదే సదాశివనగర్, పార్థివదేహాన్ని ఉంచింది అదే కంఠీరవ స్టేడియంలో, పూడ్చింది అదే కంఠీరవ స్టూడియోలో. జనం మళ్ళీ లక్షల్లో వచ్చారు. ఊరు మాత్రం నిలబడింది.

2006 గురించి ఎవరిని అడిగినా మూడు కారణాలు చెబుతారు: అభిమానం వెర్రితలలు వేసింది, రౌడీమూకలు సందు చూసుకున్నాయి, కన్నడాభిమానం కోపంగా మారింది. మూడింటిలోనూ నిజం ఉంది. కానీ ఆ మూడూ 2021లో కూడా ఉన్నాయి. పైగా 77వ ఏట పోయిన పెద్దాయన మరణం కంటే, పొద్దున జిమ్‌కి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి లేడన్న వార్త ఇంకా పెద్ద దెబ్బ. దుఃఖమే అల్లరికి కొలత అయితే 2021లోనే ఊరు ఎక్కువ మండాలి. మండలేదు కాబట్టి తేడా జనం గుండెల్లో లేదు, ఏర్పాట్లలో ఉంది. ఎన్ని గంటలు చూడనిచ్చారు, ఏ దారిన తీసుకెళ్ళారు, ఎప్పుడు పూడ్చారు, ముందుగా ఎవరు ఏం చెప్పారు అన్న నాలుగు నిర్ణయాల్లో ఉంది.

మొదటి మూడు నాలుగు గంటలు

ఇలాంటి వార్త పట్టణంలో పాకడానికి గంట చాలు. 2006లో ఎస్సెమ్మెస్సులు, టీవీ, ఫోన్లు. ఇప్పుడైతే వాట్సాప్. మనిషికి మొదట తట్టే ప్రశ్న ఒక్కటే: ఎక్కడికి వెళ్తే చూడొచ్చు? దానికి అధికారికంగా జవాబు రాకపోతే జనం తామే ఊహించుకుని బయల్దేరతారు. కొందరు ఇంటికి, కొందరు ఆసుపత్రికి. దేహాన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి స్టేడియానికి తరలించినప్పుడల్లా వెనకబడిన ప్రతి గుంపుకీ తాము మోసపోయామనే అనిపిస్తుంది. 2006లో సదాశివనగర్‌లో రాళ్ళు పడ్డాయి. అక్కడి వీధులు పెద్ద బంగళాలతో ఉండే నివాస వీధులు, పదివేల మంది నిలబడే చోటు కాదు. ఇంటి గేటు ముందు నిలబడినవాడికి లోపల ఏం జరుగుతోందో తెలియదు. వెనకున్నవాడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనపడదు.

బెంగళూరుకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు తరచూ తికమకపడే సంగతి ఒకటుంది. కంఠీరవ స్టేడియం కస్తూర్బా రోడ్డు దగ్గర, కబ్బన్ పార్కు పక్కన. కంఠీరవ స్టూడియో ఊరికి వాయవ్యాన, గోరగుంటెపాళ్య దాటాక రింగు రోడ్డు మీద, నందిని లేఔట్ వైపు. రెండింటికీ మధ్య డజను కిలోమీటర్లు. ఉత్తినే "కంఠీరవలో ఉంచుతారు" అని ప్రకటిస్తే సగం జనం ఒకచోటికి, సగం ఇంకోచోటికి పోతారు. చోటు, గేటు నంబరు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం: ప్రకటనలో ఈ నాలుగూ లేకపోతే అది ప్రకటన కాదు, పుకారుకి ముడిసరుకు.

2021లో ఈ వరస మెరుగ్గా ఉంది. మరణ ప్రకటనకు ముందే ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై ఆసుపత్రికి చేరుకున్నారు, అప్పటికే చుట్టుపక్కల బందోబస్తు దిగింది. ఆ రోజే పునీత్ అన్న శివరాజ్‌కుమార్ సినిమా విడుదల. అంటే పొద్దుటి నుంచే గాంధీనగర్, మెజెస్టిక్ థియేటర్ల ముందు ఆ కుటుంబం అభిమానులు గుమిగూడి ఉన్నారు. ఆటలు ఆపించి వాళ్ళని ఇళ్ళకు పంపడం చిన్న పని కాదు, కానీ జరిగింది. ఆ నెలాఖరు అర్ధరాత్రి దాకా నగరంలో మద్యం అమ్మకాలు నిలిపేశారు. ఇలాంటి ఉత్తర్వు మధ్యాహ్నం వస్తేనే పనికొస్తుంది. రాత్రి ఎనిమిదికి వస్తే కొనాల్సినవాళ్ళు కొనేసి ఉంటారు.

గంటకు ఎంతమంది చూడగలరు

జనం అడిగేది కడసారి చూపు. అది లెక్కకు లొంగే వస్తువు, కాబట్టి లెక్క కట్టాలి.

దేహాన్ని వేదిక మీద ఉంచి, రెండు పక్కలా ఒక్కో వరస నడిపించారనుకుందాం. మనిషి రెండు సెకన్లు ఆగి దండం పెట్టుకుంటే ఒక వరసలో గంటకు 1,800 మంది, రెండు వరసల్లో 3,600 మంది. సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టి మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి ఆపితే 17 గంటలు, అంటే 61,200 మంది. ఆగకుండా నడిపిస్తే దీనికి రెట్టింపు. బయట ఐదు లక్షల మంది ఉంటే నలుగురిలో ముగ్గురు చూడకుండా వెనక్కి పోవాల్సిందే. ఏ పోలీసు కమిషనరైనా ఎంత సమర్థుడైనా ఈ భాగహారాన్ని మార్చలేడు. మార్చగలిగింది గంటల సంఖ్యనే.

2006లో జనానికి చూపు కోసం ఒక పగలూ ఒక రాత్రీ పూర్తిగా దొరకలేదు. దేహం స్టేడియానికి చేరేసరికే సాయంత్రమైంది, మర్నాడు ఊరేగింపు కోసం తీసేశారు. 2021లో శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా చూడనిచ్చారు. శనివారమే చేయాలనుకున్న అంత్యక్రియలను ఆదివారం తెల్లవారుజాముకి మార్చారు. అమెరికా నుంచి పునీత్ కూతురు రావాల్సి ఉండటం ఒక కారణం. జనం లెక్క ప్రకారం చూస్తే ఆ వాయిదా చేసిన మేలు చాలా పెద్దది: అదే రెండు వరసల చొప్పున అదనంగా వచ్చిన ప్రతి గంటా 3,600 మందికి చూపు. అంతకన్నా ముఖ్యం, "ఇంకా సమయం ఉంది" అన్న మాట. ఇంకో పన్నెండు గంటలుందని తెలిసినవాడు క్యూలో నిలబడతాడు. ఇంకో అరగంటే ఉందని తెలిసినవాడు గోడ దూకుతాడు.

ఈ లెక్కను ఎక్కువగా పాడుచేసేది వీఐపీలు. ఒక్కో ప్రముఖుడు వచ్చినప్పుడు క్యూ ఐదు నిమిషాలు ఆగుతుంది: దండ వేయడం, కుటుంబాన్ని ఓదార్చడం, కెమెరాల ముందు రెండు మాటలు. నలభై మంది వస్తే 200 నిమిషాలు. మూడు గంటల ఇరవై నిమిషాలు, అంటే 12,000 మంది చూపు. పునీత్‌ని చూడటానికి చిరంజీవి, వెంకటేశ్, బాలకృష్ణ, జూనియర్ ఎన్టీఆర్ వచ్చారు. రావడం సహజం, ఆ కుటుంబంతో తెలుగు పరిశ్రమకు ఉన్న బంధం అలాంటిది. రాజ్‌కుమార్ కన్నడ కాక వేరే భాషలో చేసింది తెలుగులో ఒక్క సినిమానే, అది కూడా మన కాళహస్తి కన్నప్ప కథ. కానీ మన హీరో కారు దిగుతున్నప్పుడు క్యూలో ఆరు గంటలుగా నిలబడ్డ మనిషికి కనిపించేది బంధం కాదు, తన ముందు మూసుకున్న గేటు. అందుకే ప్రముఖులకు వెనక గేటు, దేహానికి తలవైపు వేరే నిలుచునే చోటు ఉండాలి. వాళ్ళు ఉన్నా క్యూ కదులుతూనే ఉండాలి. ఇది మర్యాద తక్కువ చేయడం కాదు. క్యూ ఆగిన ఆ ఐదు నిమిషాల్లో వెనక నుంచి జనం వస్తూనే ఉంటారు, ఒత్తిడి అక్కడే పుడుతుంది.

క్యూ కట్టించే పద్ధతి మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. మీటరున్నర వెడల్పు బారికేడ్ల మధ్య, చదరపు మీటరుకు ముగ్గురు చొప్పున, కిలోమీటరు పొడవు క్యూలో 4,500 మంది పడతారు. గంటకు 3,600 మంది కదిలితే చివరివాడికి గంటా పావు. ఐదు కిలోమీటర్ల క్యూ అయితే ఆరుగంటలకు పైనే. ఈ అంకె క్యూ తోక దగ్గర మైకులో చెప్పాలి, అర కిలోమీటరుకోసారి బోర్డు మీద రాయాలి. తిరుమల క్యూ కాంప్లెక్సుల్లో గంటలు గంటలు కూర్చున్న తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎంతసేపో తెలిస్తే ఓపిక వస్తుంది, ముందుకు కదులుతోందని కనిపిస్తే గొడవ రాదు.

బారికేడ్లు ఎక్కడా మూసుకుపోయిన మూలలోకి తీసుకెళ్ళకూడదు. పాతిక ముప్పై మీటర్లకొకచోట స్పృహ తప్పినవాళ్ళను బయటికి లాగే తెరుపు ఉండాలి, నీళ్ళు ఉండాలి. చదరపు మీటరుకు నలుగురు దాకా మనిషి తన ఇష్టప్రకారం అడుగు వేయగలడు. ఆరేడుగురు దాటితే అడుగు తనది కాదు: ఎక్కడో వెనక నెట్టిన తోపు గుంపంతటా అలలా పారుతుంది, కాళ్ళు నేలకు ఆనవు. తొక్కిసలాట అని రాస్తాం గానీ ఇలాంటి చోట్ల ఎక్కువమంది పోయేది కాళ్ళ కింద పడి కాదు. నిలబడే ఉండగా ఛాతీ ఒత్తుకుని ఊపిరాడక పోతారు. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది పోయారు. అది చావు ఇల్లు కాదు, ఐపీఎల్ కప్పు గెలిచిన సంబరం. ఆ స్టేడియం, ఈ కంఠీరవ స్టేడియం ఒకే కబ్బన్ పార్కుకి చెరోవైపు ఉన్నాయి. లోపలికి ఎవరిని, ఎప్పుడు, ఏ గేటులోంచి పంపుతారో స్పష్టంగా తెలియని జనం గేటు మీద పడ్డారు. దుఃఖానికీ సంబరానికీ గేటు దగ్గర తేడా ఉండదు.

ఊరేగింపు: చూపు పెంచేది, ఊరిని ముంచేది

ఊరేగింపు వద్దని చెప్పడం తేలిక. కానీ లెక్క వేసి చూస్తే అది ఎందుకు అంత ఆకర్షిస్తుందో తెలుస్తుంది. పన్నెండు కిలోమీటర్ల దారి, గంటకు మూడు కిలోమీటర్ల నడక వేగం, నాలుగు గంటలు. దారికి రెండువైపులా కలిపి 24 కిలోమీటర్ల అంచు. నాలుగు వరసల్లో, మీటరుకు ఇద్దరు చొప్పున నిలబడితే లక్షా తొంభై రెండు వేల మంది చూస్తారు. అదే నాలుగు గంటల్లో స్టేడియం క్యూ చూపించేది 14,400 మందికి. పదమూడు రెట్ల తేడా. చూపు ఇవ్వడానికి ఊరేగింపుని మించిన ఏర్పాటు లేదు.

చిక్కు వచ్చేది జనం అంచున నిలబడకుండా బండి వెంట నడిచినప్పుడు. చూసినవాళ్ళు ఇంటికి పోరు, వెనక చేరతారు. బండి ముందుకు పోయేకొద్దీ గుంపు లావెక్కుతుంది, వేగం తగ్గుతుంది, నాలుగు గంటలు ఆరవుతాయి. చివరికి ఆ గుంపంతా ఒక గేటు ముందుకి చేరుతుంది. మీటరు వెడల్పు ద్వారంలోంచి సమనేల మీద నిమిషానికి ఎనభై మంది దాకా పోగలరు. నాలుగు మీటర్ల స్టూడియో గేటయితే 320 మంది. లక్షమంది లోపలికి వెళ్ళాలంటే ఐదు గంటలు పైగా కావాలి, లోపల అంత చోటూ లేదు, అంత సమయమూ లేదు. 2006లో కంఠీరవ స్టూడియో దగ్గర జరిగింది ఇదే. కర్మకాండ జరపడానికి కుటుంబానికే ఊపిరాడని పరిస్థితి. కానిస్టేబుల్‌ ప్రాణం పోయింది ఆ పరిసరాల్లోనే.

2018లో దీనికి ఇంకో విరుగుడు కనిపించింది. నటుడు, మాజీ కేంద్రమంత్రి అంబరీశ్ నవంబరు 24 రాత్రి పోయారు. ఆయన బలమంతా మండ్య జిల్లాలో. అక్కడి జనమంతా బెంగళూరు దారి పడితే ఏమయ్యేదో ఊహించవచ్చు. జనాన్ని రప్పించే బదులు దేహాన్నే సైనిక హెలికాప్టర్‌లో మండ్య స్టేడియానికి తీసుకెళ్ళి రాత్రంతా ఉంచి, మర్నాడు తిరిగి తెచ్చి కంఠీరవ స్టూడియోలో దహనం చేశారు. అప్పుడు ముఖ్యమంత్రి హెచ్.డి. కుమారస్వామి. 2006 ఏప్రిల్‌లోనూ ముఖ్యమంత్రి ఆయనే, పదవిలోకి వచ్చి అప్పటికి రెండున్నర నెలలు కూడా కాలేదు. మధ్యలో 2009 డిసెంబరు 30న విష్ణువర్ధన్ పోయినప్పుడు కూడా బస్సుల మీద రాళ్ళు పడ్డాయి, లాఠీలు లేచాయి. అంటే ఊరు ఒక్కసారిగా నేర్చుకోలేదు, మూడు చావులు పట్టింది.

2021లో దేహాన్ని తెల్లవారకముందే స్టేడియం నుంచి కదిలించారు. ఎండెక్కేలోపే ఖననం అయిపోయింది. పగటిపూట ఊరేగింపు లేదు, స్టూడియో లోపలికి కుటుంబం, ప్రముఖులు తప్ప జనం లేరు. ఇలా చేస్తే మామూలుగా జనం ఊరుకోరు. ఊరుకున్నారంటే అంతకుముందు ఒక రాత్రీ ఒక పగలూ చూడనిచ్చారు కనుక, మిగిలినవాళ్ళకు ప్రతి ఛానెల్లో ప్రత్యక్ష ప్రసారం ఉంది కనుక. చూడనివ్వకుండా తెల్లవారుజామున పూడ్చేసి ఉంటే దానికి దొంగతనం అని పేరు పడేది.

గంటలే అన్నీ తేలుస్తాయని చెప్పలేం. చెన్నైలో 2016 డిసెంబరు 5 రాత్రి జయలలిత పోయారు, మర్నాటి సాయంత్రానికే మెరీనాలో పూడ్చారు. ఒక్క పగలు కూడా పూర్తిగా చూడనివ్వలేదు, అయినా ఊరు ప్రశాంతంగా ఉంది. అక్కడ మిగతా మూడు నిర్ణయాలు బాగా కుదిరాయి. 75 రోజుల ఆసుపత్రి వాసం జనాన్ని సిద్ధం చేసింది. ప్రకటన అర్ధరాత్రి దాటాక వచ్చింది, అప్పటికే బలగాలు వీధుల్లో ఉన్నాయి. రాజాజీ హాల్ నుంచి మెరీనాకి దారి మూడు కిలోమీటర్లే. గొడవ వచ్చింది 5వ తేదీ సాయంత్రం కొన్ని ఛానెళ్ళు తొందరపడి చనిపోయినట్టు చెప్పి, పార్టీ ఆఫీసు జెండా దించి మళ్ళీ ఎగరేసినప్పుడే. అదీ కాసేపు, ఆసుపత్రి ముందు. 1987 డిసెంబరు 24న ఎం.జి.ఆర్. పోయినప్పుడు అదే చెన్నై అట్టుడికింది, అన్నా సాలైలో కరుణానిధి విగ్రహాన్ని పడగొట్టారు. అక్కడ దుఃఖానికి వారసత్వ రాజకీయం తోడైంది, దాని కథ వేరు.

రాయి ఎవరిది

అభిమాన సంఘాలను ఒకే గాట కట్టడం పొరపాటు. రాజ్‌కుమార్ అభిమాన సంఘాలు 1982 నాటి గోకాక్ ఉద్యమం (బడుల్లో కన్నడకు మొదటి స్థానం కోరిన పోరాటం) తర్వాత గట్టిపడినవి. వాళ్ళకి పేట పేటలో అధ్యక్షుడు, కార్యదర్శి ఉంటారు, రక్తదాన శిబిరాలు నడుపుతారు, సినిమా విడుదలకు జనాన్ని అదుపు చేసిన అనుభవం ఉంటుంది. "అభిమాని దేవరుగళు" (అభిమాని దేవుళ్ళు) అని రాజ్‌కుమార్ పిలిచింది వీళ్ళనే. పోలీసులకు లేని ఒక బలం వీళ్ళకుంది: ముఖపరిచయం. క్యూలో తోసేవాణ్ణి పేరు పెట్టి పిలిచి ఆపగలరు. మొదటి గంటలో సంఘం పెద్దలను స్టేషన్‌కి పిలిచి, కార్డులు ఇచ్చి, క్యూ పక్కన నిలబెడితే సగం పని తీరుతుంది. అదే గంటలో వాళ్ళని గేటు బయట నిలబెట్టి లాఠీతో వెనక్కి నెడితే, ఆ బలమే ఎదురు తిరుగుతుంది.

రెండో రకం జనం దేహం ఉన్నచోట ఉండరు. స్టేడియానికి పది కిలోమీటర్ల దూరంలో, కూడలిలో టైరు కాలుస్తూ ఉంటారు. చూపు వాళ్ళకు అక్కర్లేదు, ఆ రోజు వీధి తమది అన్న అధికారం కావాలి. 2006 నాటికి బెంగళూరులో ఆ అధికారం కోరుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి: గాజు మేడలు లేచిన ఊళ్ళో ఆ మేడల్లోకి అడుగుపెట్టలేని కుర్రాళ్ళు, కన్నడ వినిపించని కన్నడ రాజధాని. రాజ్‌కుమార్ ఒక నటుడు మాత్రమే కాదు, ఆ భాషకు నిలువెత్తు రూపం. అందుకే రాళ్ళు గాజునే వెతికాయి. ఇలా అనడం ఆ రాళ్ళను సమర్థించడం కాదు. ఆ రోజు తగలబడిన సిటీ బస్సులో రోజూ తిరిగేది కూడా ఆ కుర్రాళ్ళే.

ఈ రెండు గుంపులనూ కలిపేది బస్సు. మొదటి రాయి పడగానే బీఎంటీసీ సిటీ బస్సులు డిపోలకు వెళ్ళిపోతాయి. ఆఫీసులు, కాలేజీలు ఒక్కసారే వదిలేస్తాయి. ఇంటికి వెళ్ళే దారి లేని వేలమంది కూడళ్ళలో నిలబడిపోతారు, చూసేవాళ్ళే గుంపవుతారు. 2006లో మెట్రో లేదు, అది 2011 అక్టోబరులో వచ్చింది. 2021 నాటికి కబ్బన్ పార్కు స్టేషన్ కంఠీరవ స్టేడియానికి నడిచే దూరంలో ఉంది, స్టూడియో వైపు యశవంతపురం స్టేషన్ ఉంది. వీధి మీద రాయికి అందని రైలు జనాన్ని తెచ్చింది, తీసుకుపోయింది కూడా. దీని సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

లాఠీ గురించి ఒక్కమాట. గుంపు ముందువరసను కొడితే వాళ్ళు వెనక్కి పోలేరు, వెనకున్న వెయ్యిమందికి ముందు ఏం జరుగుతోందో తెలియదు. బాష్పవాయువు ఇరుకు సందులో వాడితే పరుగు, పరుగులో తొక్కిసలాట. చెదరగొట్టే ముందు వెళ్ళే దారి తెరిచి ఉంచాలి, మైకులో ఆ దారి చెప్పాలి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహితలో గుంపును చెదరగొట్టే అధికారం 148వ సెక్షన్‌లో ఉంది, పాత 144 సెక్షన్ ఇప్పుడు 163 అయింది. అంకెలు మారినా దారి తెరవని లాఠీ ఫలితం మారదు.

ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళకు

ఇలాంటి రోజు గొడవ భాష చూసి రాదు. 2016 సెప్టెంబరులో కావేరి గొడవల్లో తమిళనాడు నంబరు ప్లేట్లు వెతికి బస్సులు తగలబెట్టారు. నటుడి మరణంలో అలా ఉండదు. ఏపీ, తెలంగాణ నంబరు బండి అయినందుకు ప్రత్యేకించి ప్రమాదం లేదు. ప్రమాదం తెరిచి ఉన్న షట్టర్‌కి, తిరుగుతున్న బండికి. అందరూ మూసినప్పుడు తెరిచి ఉన్న హోటలు అగౌరవంగా కనిపిస్తుంది. చిక్కపేటలోనో మారతహళ్ళిలోనో కొట్టున్నవాళ్ళకు పాత వ్యాపారులు చెప్పేది ఇదే: వార్త రూఢి కాగానే షట్టర్ సగం కాదు, పూర్తిగా దించాలి. ముందు చిత్రపటం పెట్టి దండ వేయాలి. బయట ఉన్న గాజు షోకేసు, గ్యాస్ సిలిండరు లోపల పెట్టాలి. గల్లా సొమ్ము కొట్లో వదలకూడదు. పనివాళ్ళను గుంపుగా కాక ఇద్దరిద్దరుగా, పెద్దరోడ్డు వదిలి లోపలి వీధుల్లోంచి పంపాలి.

ఊరికి వెళ్ళాల్సినవాళ్ళు మెజెస్టిక్, కలాసిపాళ్య, ఆనందరావు సర్కిల్ వైపు పోకపోవడం మంచిది. ట్రావెల్స్ వాళ్ళకు ఫోన్ చేసి ఎక్కే చోటు శివార్లకు మార్పించుకోవాలి: హిందూపురం, అనంతపురం, హైదరాబాద్ వైపైతే యలహంక లేదా దేవనహళ్ళి, చిత్తూరు, తిరుపతి వైపైతే కె.ఆర్.పురం లేదా హొసకోటె. 2006కీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది. అప్పట్లో విమానాశ్రయం ఊళ్ళోనే, హెచ్ఏఎల్ దగ్గర. 2008 నుంచి దేవనహళ్ళిలో. దానికి వెళ్ళే బళ్ళారి రోడ్డు సదాశివనగర్‌ను ఒరుసుకుంటూ పోతుంది, హైదరాబాద్ రోడ్డు కూడా అదే. సినిమావాళ్ళ ఇళ్ళు చాలా ఆ పేటలోనే ఉన్నాయి కాబట్టి, అక్కడ గుంపు చేరితే మేఖ్రి సర్కిల్ దగ్గర విమానాశ్రయం దారి ఆగుతుంది. అలాంటి రోజు టికెట్ ఉన్నవాళ్ళు ఊరి నడుమ నుంచి కాక, తూర్పు వైపు హెణ్ణూరు, బాగలూరు దారిన వెళ్తే ఆ చిక్కు తప్పుతుంది.

బండి అద్దాలు పగిలితే, మంటలంటుకుంటే, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవాళ్ళకు రూపాయి కూడా రాదు. సమగ్ర పాలసీలో అల్లర్లు, సమ్మెల నష్టం కలిసే ఉంటుంది. బండిని కదిలించకముందే నంబరు ప్లేటు, పగిలిన భాగం, చుట్టుపక్కల చోటు కనిపించేలా ఫొటోలు తీయాలి, పోలీసు ఫిర్యాదు చేయాలి, కంపెనీకి వెంటనే తెలపాలి. క్లెయిమ్‌లో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం తరుగు కోస్తారు, గాజుకి తరుగు కోయరు. కానీ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది ఏడాదిని బట్టి 20 నుంచి 50 శాతం. పక్క అద్దం ఒక్కటే పగిలితే, వచ్చే ఏడు ప్రీమియంలో పోయే తగ్గింపు ఎంతో లెక్క చూసుకుని, చాలాసార్లు చేతి డబ్బుతో వేయించుకోవడమే లాభం.

కొట్టు అగ్ని బీమాలో అల్లర్ల నష్టం ఉంటుంది గానీ అది పగిలినదానికీ కాలినదానికీ మాత్రమే. గుంపు ఎత్తుకుపోయిన సరుకుకి దొంగతనం పాలసీ వేరుగా తీసుకుని ఉండాలి, అందులో కూడా అల్లర్ల సమయంలో జరిగిన లూటీకి వర్తిస్తుందో లేదో షరతుల్లో చూసుకోవాలి. సరుకు జాబితా, కొనుగోలు బిల్లులు కొట్లోనే ఉంచితే అవీ కొట్టుతో పాటే కాలతాయి. ఫోన్‌లోనో ఇంట్లోనో ఒక నకలు ఉంచుకోవాలి.